పులిదుంప వడ్డించిన మధ్యాహ్నం

పోలవరం దాటాక రోడ్డు గోదాట్లోకి దిగిపోయింది. లారీ అక్కడే ఆగింది. ఉదయం ఆరున్నర, ఆగస్టు నెల. వాన సన్నగా, ఏటవాలుగా కొడుతోంది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని రాజమండ్రిలోనే మాకు చెప్పారు. లారీ దిగగానే గమ్‌బూటు సగం దాకా బురదలో దిగబడింది. ఆ బురద వాసన నాకు తెలుసు. మా పొలం వాసనే అది.

నేనప్పుడు హవల్దారుని. సైన్యంలో ఇంజినీర్ల దళం. వంతెనలు కట్టడం, దారులు వేయడం, వరదలొస్తే పడవల మీద జనాన్ని బయటికి తేవడం మా పని. మాది నిడదవోలు పక్కన కాలవ గట్టు మీది ఊరు. సర్వీసంతా మంచు కొండల్లోనో, ఈశాన్యం అడవుల్లోనో గడిచింది. సొంత జిల్లాకు యూనిఫారంలో డ్యూటీకి రావడం అదే మొదలు, అదే చివర. ఛాతీ కాస్త ఎక్కువే విరుచుకున్నాను. ఊళ్లో మీరంతా నన్ను వరదలో పిల్లల్ని కాపాడిన మనిషిగా ఎరుగుదురు. అందుకే ఇది రాయవలసి వచ్చింది.

మా దళం చిన్నది. కెప్టెన్ హర్యానా మనిషి. రేడియో ఆపరేటర్‌ది కేరళ. నర్సింగ్ అసిస్టెంటు ఒడియా, బోటు డ్రైవరు పంజాబీ. వీళ్లు కాక నలుగురు జవాన్లు. తెలుగు వచ్చింది నాకొక్కడికే. కెప్టెన్ మ్యాపు మీది నీళ్లు చేత్తో తుడుస్తూ హిందీలో అన్నాడు:

"ఇక్కడ నువ్వే నా నోరు. నువ్వే నా చెవి. అర్థమైందా?"

"అయింది సార్."

ఆర్డరు ఇది. ఎగువన ఒక వాగు గోదావరిలో కలిసే చోట కొండరెడ్ల గూడెం ఉంది. దానికి దారి తెగింది. ఇళ్లు మునిగాయి. జనం పక్కనున్న మెరక ఎక్కారు, నలభై మంది దాకా. వాళ్లను దింపి పోలవరం వైపు శిబిరానికి చేర్చాలి. మాతో ఒక రబ్బరు బోటు, దానికొక ఇంజను. మనిషికొక లైఫ్ జాకెట్, గ్రౌండ్‌షీటు, తాడు చుట్ట, రెండు పూటల పూరీ పొట్లాలు. అందరికీ కలిపి ఒక డబ్బా శక్కర్‌పారాలు, పంచదార పట్టించిన తీపి ముక్కలు. వైర్‌లెస్ సెట్టును పాలిథిన్ సంచిలో కట్టి ఆపరేటర్ ఒళ్లో పెట్టుకున్నాడు.

ఎగువకు వెళ్లడానికి రెండు గంటలు పట్టింది. ఎర్రటి నీళ్లు. దుంగలు, ఇంటి దూలాలు, ఒక గడ్డివాము పైభాగం, దాని మీద కోడి. వాగు ఇంకో మలుపుందనగా దుంగ ఒకటి ఇంజనుకు తగిలింది. ప్రొపెల్లరు రెక్క విరిగింది. సగం బలంతో, తెడ్లతో ఒడ్డు పట్టుకుని వాగు దగ్గరికి చేరాం.

వాగు గోదాట్లోకి దూకుతూ ఉండాలి. దూకడం లేదు. గోదావరి పొంగి, వాగును వెనక్కి తోసేసింది. నీళ్లు చెరువులా నిలబడ్డాయి. డెల్టాలో పుట్టినవాడికి ఇది వింత కాదు. మా ఊళ్లో మురుగు కాలవ ఏటా ఇలాగే ఎగదన్ని పొలాల మీద పడుతుంది. నీళ్లు ఏ పక్కకీ కదలక, చేలు కుళ్లిపోతాయి. నేను చూడగానే పోల్చుకున్నాను. సెట్టు తీసుకుని కింద ఉన్న కంట్రోలుకు చెప్పింది కూడా నేనే:

"వాగు ఎగదన్నింది. లోపల ప్రవాహం లేదు. నీళ్లు నిలబడ్డాయి. బోటు మెరక దాకా రావచ్చు. ఓవర్."

"శభాష్. రెండో బోటు, రేషన్ రేపు మధ్యాహ్నం రెండుకి. అప్పటిదాకా అక్కడే ఉండండి. ఓవర్."

శభాష్ అన్నది ఆ మాటకే. గుర్తుంచుకోండి.

మెరక మీద టేకు చెట్ల మధ్య రెండు టార్పాలిన్లు. వాటి కింద జనం, మేకలు, కోళ్లు, తడిసిన బియ్యం మూటలు. అందరికంటే ముందు లేచి వచ్చింది ఒక ముసలామె. పేరు బుచ్చమ్మ. సన్నటి మనిషి, పెద్ద గొంతు.

"ఎవురయ్యా మీరు? మమ్మల్ని తీసుకుపోడానికొచ్చారా, మాతో కూచోడానికొచ్చారా? బోటు కుంటుతా వచ్చింది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు నచ్చలేదు. మా జిల్లాలో కూరగాయలమ్మే మనిషినైనా అండీ అంటాం. ఆ మెరక మీద ఆ మాట నా నోటికి రాలేదు.

"ఇదిగో ముసలమ్మా, సైన్యం వచ్చింది. రేపు మధ్యాహ్నం ఇంకో బోటొస్తుంది. అందరూ బయల్దేరడానికి సిద్ధంగా ఉండండి."

"సిద్ధంగానే ఉన్నాం. దుంపలే సిద్ధంగా లేవు."

ఏం దుంపలని అడిగాను. వాగు ఒడ్డుకు తీసుకుపోయి చూపించింది. నీళ్లలో ఆరు వెదురు బుట్టలు, మునిగేలా రాళ్లు పెట్టి, మెడకు నార తాళ్లు వేసి కొమ్మకు కట్టి ఉన్నాయి. లోపల తెల్లటి చక్రాలు, అప్పడమంత పలచన. పులిదుంప అంది. ముళ్ల తీగ, మూడేసి ఆకులు. దుంప మట్టికి పైపైనే ఉంటుంది, చేత్తో గీరినా దొరుకుతుంది. మిగతా దుంపలకు లోతుగా తవ్వాలి, దీనికి అక్కర్లేదు. అంత సులువుగా దొరికేదాన్ని అడవి పందులు కూడా ముట్టుకోవు.

"పచ్చిది తింటే మనిషి పోతాడు," అంది బుచ్చమ్మ. "చెక్కు తీసి, సన్నంగా కోసి, ఒకసారి ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి, మూడు పొద్దులు వాగులో ఎయ్యాలి. వాగు తీసుకుపోద్ది దాంట్లో ఉన్నదంతా. తరవాత అన్నంలా తినొచ్చు. మా పిల్లలు వానాకాలం బతికేది దీంతోనే."

"ఎప్పుడేశారు?"

"నిన్న కాక మొన్న పొద్దుగూకాక. వాన ముదరకముందు."

మనసులో లెక్క వేశాను. రేపు సాయంత్రానికి మూడు పొద్దులు. ఆమె ఇంకా ఏదో చెబుతూ, ఒక టేకు ఆకు ముక్క చింపి నీళ్ల మీద వేసి చూస్తోంది. కెప్టెన్ పిలిచాడు. వెళ్లిపోయాను.

ఆ సాయంత్రం మా పూరీ పొట్లాలన్నీ పిల్లలకిచ్చేశాం. శక్కర్‌పారాల డబ్బా కూడా. గ్రౌండ్‌షీట్ల కింద కూర్చుని దుంపల కబుర్లు చెప్పుకున్నాం. ఆకలి మీదున్న వాళ్లకు తిండి కబుర్లే వస్తాయి.

ఆపరేటర్ అన్నాడు: "మా ఊళ్లో కర్రపెండలం లేకపోతే అన్నమే లేదు. కానీ మా అమ్మ మూత పెట్టకుండా ఉడకబెడుతుంది. మొదటి నీళ్లు పారబోస్తుంది. చేదు రకమైతే రెండుసార్లు. అందులో కూడా విషముంటుంది హవల్దార్ సాబ్."

"కందకు నీళ్లు పారబోయడమేంటి?" అన్నాను. "మా ఇంట్లో మూడు తరాలుగా కంద వేస్తున్నాం. చేతికి నూనె రాసుకుని కోయాలి. చింతపండు పులుసు పోసి, బచ్చలికూర వేసి ఉడికించాలి. దురద ఎక్కడికి పోతుందో తెలీదు. దుంప ఏదైనా సంగతి ఒకటే. పులుపు, నిప్పు."

"ఇది కందకు చుట్టమా?" అడిగాడు నర్సింగ్ అసిస్టెంటు.

"దుంపలన్నీ చుట్టాలే," అన్నాను.

బోటు డ్రైవరు పగలబడి నవ్వాడు. "సాబ్ దుంపల కమాండింగ్ ఆఫీసర్!"

ఆ పేరు నాకు బాగానే అనిపించింది.

తెల్లారింది. వాన ఆగలేదు. గూడెం వాళ్ల దగ్గరున్న బియ్యం పాచిపోయి, ముక్కు దగ్గర పెట్టుకోలేని వాసన. మా దగ్గర ఏమీ మిగల్లేదు. పది గంటలకల్లా చిన్నపిల్లలు ఏడవడం కూడా మానేశారు. ఏడిచే పిల్లల కంటే ఊరికే కూర్చున్న పిల్లల్ని చూడటం కష్టం. బుచ్చమ్మ మనవరాలు ఒకతి, ఐదేళ్లుంటాయేమో, అందరూ పండు అని పిలిచేవారు. ఆ పిల్ల నా లైఫ్ జాకెట్ బొత్తాన్ని నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

కెప్టెన్ నన్ను పిలిచాడు.

"బోటొచ్చాక మొదటి ట్రిప్పులో పిల్లలు, తల్లులు వెళ్లాలి. ఖాళీ కడుపుతో రెండు గంటల ప్రయాణం. ఏమైనా ఉందా పెట్టడానికి?"

"ఉంది సార్. దుంపలున్నాయి. నానబెట్టి ఉంచారు."

"తినొచ్చా?"

"నానబెట్టి ఉడికిస్తే తింటారు సార్. వీళ్ల తిండే ఇది. అన్నంలాంటిదే, కడుపు నింపుతుంది."

వెళ్లి బుచ్చమ్మను దుంపలు తీయమన్నాను. ఆమె ఒక చక్రం తుంచి నాలిక మీద పెట్టుకుంది. కళ్లు మూసుకుని కొంచెం సేపు అలాగే ఉంది. ఉమ్మేసింది.

"ఇంకా ఉంది."

"మూడు పొద్దులన్నావు. సాయంత్రానికి అయిపోతాయిగా. ఒక పూట అటూ ఇటూ."

"పొద్దులు కాదయ్యా, నీళ్లు. వాగు నిలబడిపోయింది. నీళ్లు పోతేగా అది పోయేది. దాంట్లోది దాంట్లోనే ఉంది."

"వాగు నిలబడబట్టే మేం రాగలిగాం ముసలమ్మా. లేకపోతే బోటెక్కడొచ్చేది?"

అన్నాను ఈ మాట. అచ్చంగా ఇలాగే. నిలబడిన నీళ్ల సంగతి ఆమె చెప్పకముందే నాకు తెలుసు. సెట్టులో చెప్పి శభాష్ అనిపించుకున్నాను. ఆ నీళ్లు నా బోటుకు మంచి చేశాయి, అంతవరకే ఆలోచించాను. నీళ్లు కదలకపోతే ఏం కుళ్లుతుందో, ఏం మిగిలిపోతుందో మా పొలమే నాకు చిన్నప్పటి నుంచీ చూపించింది. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు.

బుచ్చమ్మ పిల్లల వైపు చూసింది. పండు బొత్తాన్ని ఇంకా వదల్లేదు.

"సరే," అంది. "కుండలో నీళ్లు మారుస్తా రెండు మూడుసార్లు ఉడకేద్దాం. నేను తిని చూత్తాను ముందు. పొద్దు ఆ చెట్టు కొమ్మ మీదికొచ్చేదాకా నాకేం కాకపోతే, అప్పుడు పిల్లలకి."

నేను చింతచిగురు తెప్పించాను. జవాన్లను పంపి, మెరక వెనక చెట్టు నుంచి. కుండలో నా చేత్తో వేశాను. రెండోసారి నీళ్లు మార్చబోతుంటే పులుపు పోతుందని ఆపాను. ఆమె గరిటె కింద పెట్టి నా మొహం చూసింది.

పన్నెండుంబావుకు దింపాం. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టాం, పదకొండు మంది. టేకాకులు పరిచాం. వాన కాస్త వెలిసింది. మా సైన్యం వంటశాల పద్ధతి, మన ఊళ్లో పెళ్లిపంక్తి పద్ధతి ఒకటే కదా. ముందు పిల్లలు.

బుచ్చమ్మ చేతిలో ఆకు పట్టుకుని వరసకు ముందుకొచ్చి నిలబడింది.

"నాకు పెట్టు ముందు."

"పిల్లలయ్యాక."

"కాదు, నాకు ముందు. మా దగ్గర పులిదుంప వండినోళ్లే ముందు తినాలి. తిని ఆగాలి. ఇది అట్టాంటి తిండి."

పిల్లలు గిన్నె వైపు చూస్తున్నారు. కెప్టెన్ వాచీ చూసుకున్నాడు. ఏమంటోందని అడిగాడు. నా దళమంతా చూస్తోంది. నేను ఆయన నోరు, ఆయన చెవి. అప్పుడు ఆమె చెప్పింది చెప్పినట్టు చెప్పి ఉంటే సరిపోయేది. ఒక్క వాక్యం.

హిందీలో అన్నాను: "ముసలిదానికి ఆకలెక్కువ సార్. పిల్లల కంటే ముందు తనకే పెట్టాలట."

బోటు డ్రైవరు నవ్వాడు. జవాన్లు నవ్వారు. ఆపరేటర్ కూడా పెదవి బిగబట్టి నవ్వాడు. నవ్వుకు భాష అక్కర్లేదు. బుచ్చమ్మకు అర్థమైంది. నేను ఆమె భుజం పట్టుకుని వరస చివరకు తీసుకెళ్లి నిలబెట్టాను. విసురుగా కాదు. పెద్దమనిషి తరహాలో, చిన్నగా, నవ్వుతూ. అదే ఎక్కువ బాధ.

గరిటె నా చేతిలోనే ఉంది. వడ్డించింది నేను.

పిల్లలు ఆబగా తిన్నారు. మెత్తగా, తెల్లగా, పులుపు తగిలి బాగానే ఉంది. నేనూ ఒక ముక్క నోట్లో వేసుకుని మెచ్చుకున్నాను. పండు రెండోసారి అడిగింది. పెట్టాను. పెద్దవాళ్ల వంతు వచ్చేసరికి బుచ్చమ్మ ఆకు కింద పడేసింది. తినలేదు. మిగతా ఆడవాళ్లను కూడా తిననివ్వలేదు. పిల్లల ముందు చతికిలబడి ఒక్కొక్కరి మొహం చూస్తూ కూర్చుంది.

ఒంటిగంట దాటింది. పండు లేచి, నాలుగడుగులు వేసి, చేతులు చాచి నిలబడింది.

"నాయనమ్మా, నేల ఊగతంది."

తరవాత వాంతి. ఒకరి తరవాత ఒకరు, ఐదుగురు. ఇద్దరు గొంతు పట్టుకుని మంట మంటని ఏడుస్తున్నారు. పండు ఏడవలేదు, నిద్రలోకి జారిపోతోంది. లేపితే కళ్లు తెరుస్తుంది, చూపు నిలవడం లేదు. కాళ్లు రెండుసార్లు కొట్టుకున్నాయి. నర్సింగ్ అసిస్టెంటు పరుగెత్తుకొచ్చి పిల్లను పక్కకు ఒత్తిగిల్లబెట్టి, నోట్లో వేలు పెట్టి శుభ్రం చేశాడు.

"ఏం తిన్నారు? అసలిదేం దుంప? నాకు పేరు చెప్పండి హవల్దార్ సాబ్!"

నా నోటికి కంద అన్న మాటే వచ్చింది. తల అడ్డంగా ఊపాను. సెట్టు లాక్కున్నాను.

"పిల్లలకు విషాహారం. ఐదుగురు. ఒకరికి ఫిట్స్. రెండో బోటు ఎంత దూరంలో ఉంది? ఓవర్."

"పది నిమిషాలు. ఓవర్."

బోటు రెండుకు ఇంకా పావుగంట ఉందనగా వచ్చింది. అందులో బియ్యం, పప్పు, బిస్కెట్లు, వేడి కిచిడీ క్యాన్లు. మూత తీయకుండానే క్యాన్లన్నీ మెరక మీదికి విసిరేసి పిల్లల్ని ఎక్కించాం. కిచిడీ వాసన వస్తోంది. ఇంకో గంటన్నర ఆగి ఉంటే చాలు.

దిగువకు ప్రయాణం గంట కూడా పట్టలేదు. పండు తల నా ఒళ్లో. బుచ్చమ్మ పిల్ల పాదాలు పట్టుకుని ఎదురుగా కూర్చుంది. దారంతా నా వైపు చూడలేదు. నేను పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను, పండూ, పండూ, నిద్రపోకు అని. రెండుసార్లు శ్వాస ఆగినట్టయింది. రెండుసార్లూ నర్సింగ్ అసిస్టెంటు ఊపిరందించాడు. ఒడ్డున అంబులెన్సు సిద్ధంగా ఉంది. పిల్లల్ని అందులో ఎక్కించి, బుచ్చమ్మను, నన్ను శిబిరానికి పంపారు.

పిల్లలు బతికారు. అందరూ. నలుగురు మర్నాటికి లేచి కూర్చున్నారు. పండు మూడో రోజుకు అన్నం తింది. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే దీని వెనక దాక్కునే నేనిన్నాళ్లూ బతికాను.

ఆస్పత్రి డాక్టరమ్మ నాకు విడమరిచి చెప్పింది. దుంపలో ఉన్నది ఎక్కువగా పిండిపదార్థమేనట. శక్తినిస్తుంది, ఆకలి తీరుస్తుంది, బియ్యం లేని నెలల్లో ఒక ఊరిని నిలబెడుతుంది. మాంసకృత్తులు కొద్ది, అందుకు పప్పో చేపో తోడుండాలి. దాంతోపాటే నరాల మీద పనిచేసే విషం ఉంటుంది. అది నీళ్లలో కరుగుతుంది. కరిగిన నీళ్లు వెళ్లిపోవాలి. పారే వాగు చేసే పని అదే. నిలబడిన నీళ్లలో అది దుంపను వదిలి పక్కనే ఉంటుంది. ఆ నీళ్లతో సహా దుంప కుండలోకి వెళ్లింది.

"మరి కంద?" అని అడిగాను, సిగ్గు లేకుండా.

"కందలో ఉండేవి సూదుల్లాంటి స్ఫటికాలండీ. గొంతులో గుచ్చుకుంటాయి. పులుపు పోస్తే దురద తగ్గుతుంది. పైగా ఉడక్కపోతే మొదటి ముద్దకే తెలిసిపోతుంది, ఎవరూ రెండో ముద్ద తినరు. దీనికి పులుపు ఏం చేస్తుంది? రుచి తెస్తుంది. పిల్లలు ఇంకా ఎక్కువ తింటారు."

పండుకు రెండోసారి వడ్డించిన చెయ్యి నాది.

కానీ నేను రాయాలనుకున్నది ఇది కూడా కాదు. ఆ సాయంత్రం ఏడున్నరకు శిబిరంలో జరిగింది.

శిబిరం ఒక బడి. తరవాతి ట్రిప్పుల్లో వచ్చిన గూడెం వాళ్లంతా వరండాలో ఉన్నారు. మండలం నుంచి వచ్చిన అధికారి ఒకాయన కుర్చీలో కూర్చున్నాడు. పిల్లలు గండం దాటారని ఫోను వచ్చింది. కెప్టెన్ బుచ్చమ్మ దగ్గరికి వచ్చి నిలబడి, నాతో అన్నాడు:

"ఇదంతా ఎలా జరిగిందో ఆమెనడుగు."

అడిగాను. ఆమె నా కళ్లలోకి చూసి మెల్లగా చెప్పింది.

"వాగు నిలబడిందన్నాను. నేను ముందు తింటానన్నాను. నువ్వు ఏదో అన్నావు, వీళ్లు నవ్వారు. ఉన్నదున్నట్టు చెప్పు ఆయనకి."

నేను కెప్టెన్ వైపు తిరిగాను. నిటారుగా నిలబడ్డాను. హిందీలో చెప్పాను:

"మూడు రోజులు నానింది కదా, విషం పోయిందనుకుందట సార్. అందుకే పిల్లలకు పెట్టానంటోంది."

ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట!

కెప్టెన్ మంచివాడు. టోపీ తీసి, వంగి, ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "తప్పు నీది కాదమ్మా. తెలియక జరిగింది. చెప్పు ఆమెకి."

చెప్పాను. "నీ తప్పేం లేదంటున్నారు."

బుచ్చమ్మ కనుబొమలు ముడిపడ్డాయి.

"నా తప్పని ఎవురన్నారు?"

ఈలోగా కెప్టెన్ ఇంగ్లీషులో అధికారికి అదే చెప్పాడు. ఆయన కుర్చీలోంచి లేచాడు. తెలుగులో, గూడెం అందరూ వినేలా:

"ఏమ్మా, ఇంత వయసొచ్చింది, ఉడికీ ఉడకని విషం పిల్లలకు పెడతావా? సైన్యం వాళ్లు ఉండబట్టి సరిపోయింది గానీ! ఆ అడవి దుంపలు ఇంకెవరూ ముట్టుకోవద్దు. మిగతావి పారబోయించండి."

బుచ్చమ్మ ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. నేను సెట్టు బ్యాటరీ చూసుకుంటున్నట్టు వంగాను. తల ఎత్తేసరికి పక్కనున్న కోడలు చంటిపిల్లాణ్ణి ఆమె ఒళ్లోంచి తీసుకుని అవతలికి వెళ్లి కూర్చుంది.

మెరక మీద ఉన్న గూడెం వాళ్లకు నిజం తెలియదా అని మీరడగొచ్చు. దుంపలు తీసినప్పుడు నాతో ఉన్నది ఆమె ఒక్కతే. వరస దగ్గర వాళ్లు చూసింది ఆమె ముందు తింటాననడం, మేం నవ్వడం. ఆకలి మీద ఎవరికి ఎంత వినిపించిందో! ఆమె ఏం చెప్పుకున్నా, కుర్చీలో ఉన్న మనిషి చెప్పిందే చివరికి నిలబడింది.

రెండు వారాలకు వరద తీసింది. దళానికి మెప్పు వచ్చింది. నాకు ప్రత్యేకంగా, పిల్లల్ని వేగంగా తరలించినందుకు. సెలవు మీద నిడదవోలులో రైలు దిగితే మీరు దండలతో వచ్చారు. శాలువా కప్పారు. భోజనంలో కంద బచ్చలి కూర. మా మావయ్య కొసరి కొసరి వడ్డిస్తూ, "తినరా, దేశం కాని దేశంలో ఇది దొరుకుద్దా?" అన్నాడు. మొదటి ముద్ద దగ్గరే ఆపేశాను. కంద సరిగ్గానే ఉడికింది.

సర్వీసు అయిపోయాక నాకు పెన్షను వచ్చింది, పొలం ఉంది, కంద వేస్తున్నాను. వెళ్దాం వెళ్దాం అనుకుంటూనే ఆరేళ్లు గడిచాయి. పోయిన చలికాలం వెళ్లాను.

గూడెం ఇప్పుడక్కడ లేదు. మైదానంలో కాలనీ కట్టి అందరినీ అక్కడికి మార్చారు. ఒకే రంగు ఇళ్లు, సిమెంటు వీధి, వీధి మధ్యన కుళాయి. బుచ్చమ్మ గడప మీద కూర్చుని ఉంది. మరింత సన్నబడింది. గొంతు మాత్రం అదే.

"మామ్మగారండీ," అన్నాను.

నా మొహం చాలాసేపు చూసింది.

"అండీనా? అప్పుడు ముసలమ్మా అన్నావుగా. ఇప్పుడు నిజంగానే ముసలిదాన్నయ్యాను, ఇప్పుడేమో అండీనా?"

ఆమె కాళ్ల దగ్గర కూర్చుని చెప్పాను. బడి వరండాలో హిందీలో ఏమన్నానో, అంతకుముందు మెరక మీద ఏమని నవ్వించానో, మాట మాటా తెలుగులో చెప్పాను. ఆమె విని, లోపలికి తిరిగి కేకేసింది.

"ఒసేయ్, ఇటు రండి అందరూ. ఈయన ఏదో చెబుతాడంట. నాక్కాదయ్యా, వాళ్లకి చెప్పు."

కోడలు వచ్చింది. పక్క ఇళ్ల ఆడవాళ్లు వచ్చారు. బడి యూనిఫారంలో పొడుగాటి పిల్ల ఒకతి వచ్చి గుమ్మానికి ఆనుకుంది. పండు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. రెండోసారి ఇంకా కష్టమైంది.

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. అయ్యాక అంది: "ఆరోజు నుంచి ఈమె చేతి ముద్ద పిల్లలకు పెట్టనివ్వలేదయ్యా నేను. ఇన్నేళ్లూ నీ నోరేమైంది?"

కెప్టెన్ నన్ను తన నోరన్నాడు. ఆమెకు కూడా నేనే నోరునని ఆరోజు నాకు తట్టలేదు.

"పోన్లే," అంది బుచ్చమ్మ. నన్ను క్షమించి కాదు, కోడలిని ఆపడానికి. "ఇప్పుడిక్కడ వాగూ లేదు, దుంపా లేదు. కోటా బియ్యం తింటున్నాం. ఎట్టా వండాలో ఈ పిల్లలకు నేర్పమన్నా ఇంక నేర్పేదెక్కడ?"

లోపలికి వెళ్లి రెండు గ్లాసుల టీ తెచ్చింది. ఒకటి నా ముందు పెట్టింది. నేను చెయ్యి చాచబోతే ఆపింది. తన గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగింది. తాగి, గోడకు ఆనుకుంది.

"కాసేపాగు. నాకేం కాకపోతే అప్పుడు తాగుదువుగాని."

పండు ఫక్కున నవ్వింది. ఆడవాళ్లంతా నవ్వారు. కోడలు ఆఖరికి నవ్వింది. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆమె తాగమనేదాకా కూర్చున్నాను. టీ పూర్తిగా చల్లారింది. తాగాను.

సాయంత్రం బస్సుకు ఇల్లు చేరాను. ఇప్పుడు ఊళ్లో ఏ పెళ్లిలోనైనా పిల్లల పంక్తి ముందు వేస్తుంటే నేను పందిరి బయటికి వచ్చేస్తాను. ఎందుకని మీరు చాలామంది అడిగారు. ఇందుకు.

తడిసిన టేకు చెట్లు. పదకొండు మంది పిల్లలు వంచిన తలలు ఎత్తకుండా తింటున్నారు. వరస చివర, నేను నిలబెట్టిన చోటే, ఆమె నిలబడి ఉంది. చేతిలో ఖాళీ ఆకు. మా వాళ్ల నవ్వు ఇంకా ఆగలేదు. ఆమె గిన్నె వైపు చూడటం లేదు. నా వైపూ చూడటం లేదు. పిల్లల నోళ్లు చూస్తోంది, ఒక్కొక్క నోరూ, కదులుతున్నంతసేపూ.